పొగతోట అక్క ఆఫీసు: నర్సింగ్ లైసెన్సు ఫైలు పెట్టేవాళ్ళు డబ్బులు కట్టేముందు ఇది చదవండి

నెల్లూరులో గల్ఫ్‌కి పోవాలనుకునే నర్సులకి కాగితాలు చేసిపెడతామనే ఆఫీసులకి కొదవ లేదు, ఏ సెంటర్లో తలెత్తినా విమానం బొమ్మేసిన బోర్డు ఒకటి కనపడతది. నేను రాసేది బోర్డు కూడా లేని ఒక గది గురించి. పొగతోటలో హాస్పిటళ్ళ మధ్య సందు, కింద జిరాక్స్ షాపు, పక్కన నిటారుగా మెట్లు, ఎక్కితే ఒకే ఒక్క రూము. నడిపేది ఒక అక్క, ఇరవై ఏళ్ళకి పైగా స్టాఫ్ నర్సుగా చేసి మోకాళ్ళ నొప్పులతో డ్యూటీ మానేసి ఈ పని పెట్టుకుంది. పేరు, నంబరు రాయొద్దని ఆమే చెప్పింది, ఇప్పుడొచ్చేవాళ్ళకే టైం చాలట్లేదంట, అందుకని రాయట్లా. పొగతోటలో ఏ హాస్పిటల్లో అయినా సీనియర్ స్టాఫ్‌ని అడగండి, దారి చెప్తారు. నా రేటింగ్ 5కి 4. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తా.

నాది కోవూరు దగ్గర పల్లె. 2008లో జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమాలో చేరి 2012లో బయటికొచ్చా. ఇప్పుడు మూడేళ్ళు గానీ అప్పట్లో ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్‌తో కలిపి మూడున్నరేళ్ళు చదివిన బ్యాచ్ మాది. రిజిస్ట్రేషన్ హైదరాబాద్‌లో అయింది, అప్పటికింకా రాష్ట్రం ఒకటే. తర్వాత ఒక చిన్న నర్సింగ్ హోంలో నాలుగేళ్ళు, పిల్లలు పుట్టాక మూడేళ్ళు ఇంట్లో, ఆ తర్వాత నుంచి ఇప్పటిదాకా ఐసీయూనే. మా ఆయన రొయ్యల గుంటల కాడ చేస్తాడు, వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ జబ్బు తగిలి పోయాక ఇంట్లో కూర్చుని లెక్కేసుకుని, ఇంక నేను సౌదీకి పోవడమే దారి అనుకున్నాం.

2023లో ఊర్లో ఒక పెద్ద కన్సల్టెన్సీకి పోయాం. ఏసీ, సోఫా, గోడ మీద పెద్ద పెద్ద బిల్డింగుల ఫొటోలు. పేరు రాయను. "అంతా మేమే చూసుకుంటాం మేడమ్, ఒరిజినల్స్ ఇచ్చేసి నిశ్చింతగా ఇంటికి పోండి" అన్నారు. అడ్వాన్స్ 60 వేలు. దేనికెంత అని మా ఆయన అడిగితే "ప్యాకేజీ సార్" అన్నారు, మాకు అప్పుడు ఆ మాట మర్యాదగానే అనిపించింది. ఏడు నెలలు ఫోన్ చేసినప్పుడల్లా "ప్రాసెస్‌లో ఉంది" అనే మాట తప్ప ఇంకోటి లేదు. చివరికి నేనే పోయి కూర్చుంటే తెలిసిందేందంటే డేటాఫ్లో (మన సర్టిఫికెట్లు, ఉద్యోగం నిజమా కాదా అని తనిఖీ చేసే కంపెనీ) రిపోర్టు నాలుగో నెలలోనే వచ్చేసింది, మొదట చేసిన నర్సింగ్ హోం నుంచి జవాబు రాలేదు, "అన్‌ఏబుల్ టు వెరిఫై", అంటే నిజమో కాదో తేల్చలేకపోయాం అని పడింది. నాకు ఎందుకు తెలియలేదంటే అకౌంట్ వాళ్ళ మెయిల్‌తో తెరిచారు, పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉంది. నా చదువు, నా ఉద్యోగం గురించి నా పేరు మీద వచ్చిన రిపోర్టు ఎవరికో పోయింది, నేను మాత్రం ప్రతి శుక్రవారం అమ్మవారికి దండం పెట్టుకుంటా ఎదురుచూశా.

దాని మీద ఇంకో 25 వేలిస్తే వేరే హాస్పిటల్ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ "ఇప్పిస్తాం" అన్నారు. నేను చెయ్యని చోట చేసినట్టు! ఆ రాత్రి డ్యూటీలో కూర్చుని ఇదే ఆలోచించా. నాలుగేళ్ళు నిజంగా చేసిన పనికి రుజువు దొరకట్లేదని చెయ్యని పనికి రుజువు కొనుక్కోవాలంట. వద్దన్నా. ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోడానికి మూడు సార్లు తిరిగా, అడ్వాన్స్‌లో ఒక్క రూపాయి రాలా.

అప్పుడు మా వార్డ్ ఇన్‌చార్జ్ సిస్టర్ ఈ అక్క సంగతి చెప్పింది. నేను పోయేసరికి మెట్ల మీద నలుగురు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు, గంటన్నర పట్టింది నా వంతు రావడానికి. లోపలికి పోగానే ఆమె అన్న మొదటి మాట నాకు బాగా గుర్తు. "ఏం పాపా, ఒరిజినల్స్ తెచ్చావా? నాకియ్యొద్దు, నీ చేతిలోనే పెట్టుకో. కిందకి పోయి జిరాక్స్ తీయించుకుని రా." అడ్వాన్స్ ఎంత అక్కా అనడిగితే గోడకి చెయ్యి చూపించింది.

గోడ మీద ఒక అట్టముక్క, స్కెచ్ పెన్నుతో గీసిన మూడు గడులు. మొదటి గడిలో పని పేరు. రెండో గడి మీద "వాళ్ళ ఫీజు" అని, మూడో గడి మీద "నా కూలి" అని రాసుంది. వాళ్ళ ఫీజు గడిలో అంకెలన్నీ పెన్సిలుతో ఉన్నాయి, ఎందుకంటే అవి మారతాంటాయి, మారినప్పుడల్లా చెరిపి రాస్తది. నా కూలి గడి మాత్రం ఇంకుతో. గుడ్ స్టాండింగ్ (మన రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే కాగితం) కి అప్లికేషన్ పెట్టడానికి 400, డేటాఫ్లో ఫైలు మొత్తం 1,500, సౌదీ లైసెన్సు పరీక్ష స్లాట్ బుకింగ్ 300. నేను పోయినప్పటి రేట్లు ఇవి. వాళ్ళ ఫీజు ఆమె చేతికి ఇవ్వం, ఆమె ముందే సైట్ తెరిచి మన కార్డుతో మనమే కడతాం, రసీదు మన మెయిల్‌కి వస్తది. మెయిల్ లేనివాళ్ళకి ముందు మెయిల్ తెరిపిస్తది, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తల పక్కకి తిప్పుకుంటది. సౌదీ లైసెన్సు సైటు ముమారిస్ ప్లస్ అయినా డేటాఫ్లో అయినా నా ఫోన్‌లో నేనే తెరిచి చూసుకోగలిగిన రోజు నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఎంత చిన్న విషయం అది, ఏడు నెలలు దానికి కూడా నోచుకోలా నేను.

ఆ మూడు గడుల వల్ల నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటి చెప్తా. సర్టిఫికెట్ బయటి దేశాల్లో చెల్లడానికి దాని మీద విదేశాంగ శాఖ వేసే ముద్ర, అపోస్టిల్‌కి ప్రభుత్వ ఫీజు కాగితానికి 50 రూపాయలు. దాని పైన కాగితాలు తీసుకుని పంపించే ఏజెన్సీ ఛార్జీ, ముందు రాష్ట్రంలో వేయించాల్సిన ముద్ర ఖర్చు, కొరియరు ఉంటాయి, అవన్నీ ఎంత ధారాళంగా లెక్కేసినా ఒక్కో కాగితానికి 4,500 కాదు. మా పాత ప్యాకేజీకి తర్వాత ఇచ్చిన బిల్లులో ఒక్కో కాగితానికి అంతే వేశారు, ఐదు కాగితాలు. సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ ఒప్పందంలోకి వచ్చింది, అంటే అపోస్టిల్ పడినాక మళ్ళీ ఎంబసీ ముద్ర అని ఇంకో లైను ఉండాల్సిన పని లేదు, ఆ లైను కూడా ఉంది మా బిల్లులో.

ఇప్పుడు అసలు పని. అక్క నా జిరాక్సులన్నీ బల్ల మీద వరసగా పరిచింది, చెక్క స్కేలు ఒకటి, ఎర్ర పెన్సిల్ ఒకటి. స్కేలు ఒక్కో లైను కింద పెట్టి పేరు ఒక్కో అక్షరం చదువుతా పోయింది, ఎక్కడ తేడా వస్తే అక్కడ ఎర్ర గీత. టెన్త్ మెమోలో మా నాన్న ఇంటిపేరు పూర్తిగా ఉంది, నా పేరు చివర అమ్మ ఉంది. జీఎన్‌ఎం సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం అయిపోయింది, అమ్మ పోయింది. పాస్‌పోర్టు పెళ్ళయ్యాక తీసుకున్నా, దాంట్లో మా ఆయన ఇంటిపేరు. నర్సింగ్ హోం వాళ్ళ లెటర్లో అసలు ఇంటిపేరే లేదు, "సిస్టర్" అని పేరు. అంతా అయ్యాక పెన్సిల్ పక్కన పెట్టి "నీ ఫైల్లో నలుగురు మనుషులున్నారు పాపా, నువ్వు ఎవరివో ముందు తేల్చుకుందాం" అంది.

ఇది మన తెలుగు ఆడపిల్లలకి ఎంత పెద్ద ఇబ్బందో బయటోళ్ళకి అర్థం కాదు. మనకి ఇంటిపేరు ముందు వస్తది, వాళ్ళ ఫారంలో చివర అడుగుతారు. స్కూల్లో చేర్పించిన రోజు హెడ్మాస్టరు ఎట్టా రాస్తే అదే పేరు, కాలేజీలో క్లర్కు ఎట్టా కుదిస్తే అదే పేరు, పెళ్ళయితే ఇంకో పేరు. మగపిల్లోడికి ఈ మూడోది లేదు. అదే కోర్సు, అదే మార్కులు, అదే డ్యూటీ చేసిన మా బ్యాచ్ అబ్బాయి ఫైలు పోయినంత తేలిగ్గా మాది పోదు, మేము ఏం తప్పు చేశామని కాదు, పెళ్ళి చేసుకున్నామని. అక్క నాకు నోటరీ అఫిడవిట్ రాయించింది, ఇవన్నీ ఒకే మనిషి పేర్లు అని, మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేయించింది, పాస్‌పోర్టులో ఉన్న పేరే అన్నిచోట్లా కొట్టించి మిగిలిన పేర్లు ఎక్కడ అడిగితే అక్కడ రాయించింది. దీనికి ఆమె కూలి 200.

నర్సింగ్ హోం సంగతి చెప్పాలంటే ముందు ఈ వెరిఫికేషన్ ఎట్టా జరుగుతదో తెలియాలి, చానామందికి తెలియదు, నాకూ తెలియదు. మనం ఇచ్చిన కాగితాన్ని వాళ్ళు నమ్మరు, ఆ కాగితం ఇచ్చిన చోటికి నేరుగా రాసి ఇది మీరిచ్చిందేనా, ఈమె మీ దగ్గర ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా చేసిందా అని అడుగుతారు. అవునంటే పాజిటివ్, అబద్ధం అని తేలితే నెగటివ్, జవాబే రాకపోతే అన్‌ఏబుల్ టు వెరిఫై. ఈ పద్ధతి మంచిదే అని నేను గట్టిగా నమ్ముతా. దొంగ సర్టిఫికెట్‌తో వచ్చిన మనిషి చేతికి ఇన్సులిన్ సిరంజి ఇవ్వకూడదు, అది మన ఊర్లో పేషెంట్ అయినా రియాద్‌లో పేషెంట్ అయినా ప్రాణమే. కానీ జవాబు రాకపోతే నష్టపోయేది ఎవరు? జవాబు ఇవ్వనోడు కాదు, పని చేసినామె. పెద్ద కార్పొరేట్ హాస్పిటల్‌కైతే హెచ్‌ఆర్ ఉంటది, రెండు రోజుల్లో మెయిల్ పోతది. ఇరవై పడకల నర్సింగ్ హోంలో మెయిల్ చూసేది ఎవరు చెప్పండి. మన జిల్లాల్లో నర్సులు చానామంది మొదలుపెట్టేది అట్టాంటి చోట్లే.

అక్క నాతో అంది, "మెయిల్ పోయే ముందు మనిషి పోవాలి." నన్నే పంపించింది, చేతిలో ఒక కాగితం పెట్టి, దాంట్లో ఏ మెయిల్ నుంచి వస్తది, సబ్జెక్ట్‌లో ఏముంటది, ఎన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలి అన్నీ తెలుగులో రాసి. పెద్ద డాక్టరుగారు కాలం చేశారు, వాళ్ళ కోడలుగారు చూసుకుంటున్నారు, ఆమెకి నేనెవరో తెలియదు. స్టోర్ రూము తెరిచి పాత అటెండెన్స్ రిజిస్టర్లు తీయించారు, చెదలు పట్టి అంచులు పొడి పొడిగా రాలిపోతున్నాయి. 2013 మార్చి పేజీలో నా సంతకం కనపడింది, నీలం ఇంకు, నైట్ డ్యూటీలన్నిటికీ పక్కన చిన్నగా ఎన్ అని. ఆ నెల్లో పద్దెనిమిది నైట్లు చేశా. కోడలుగారు ఆ పేజీ చూసి ఏమీ మాట్లాడలా, లెటర్‌హెడ్ తెప్పించి తేదీలతో కొత్త లెటర్ రాయించారు, మెయిల్ తెరిస్తే పాత డేటాఫ్లో మెయిల్ స్పామ్‌లో పడి ఉంది, ఎన్నో నెలల నుంచి. దాన్ని మా పాత ఆఫీసు వాళ్ళు ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే అయిపోయేది. ఈసారి మెయిల్ వచ్చిన నాలుగో రోజు జవాబు పోయింది. పాజిటివ్.

గుడ్ స్టాండింగ్, రెన్యువల్ పనులు కూడా ఆమే చేయిస్తది. ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 150 గంటల సీఎన్‌ఈ (ఉద్యోగంలో ఉంటా చేసే నర్సింగ్ శిక్షణ) లెక్క చూపించాలనే సంగతి మన వార్డుల్లో చానామందికి చివరి నెల దాకా గుర్తుండదు, ఈమె వచ్చిన ప్రతి పిల్లని అడుగుతది, ఎన్ని గంటలయ్యాయి, కాగితాలేవి అని. విజయవాడ కౌన్సిల్‌కి ఏం పంపాలి, విడిపోకముందు రిజిస్టర్ అయినవాళ్ళు ఏం జత చెయ్యాలి అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంది, ఎవరడిగినా చూపిస్తది, ఫోటో తీసుకోనిస్తది. నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023లో వచ్చింది గదా, 1947 చట్టం స్థానంలో, దాంట్లో దేశమంతటికీ ఒకే రిజిస్టరు అని ఉంది. అది పూర్తిగా పనిలోకి వస్తే నా పని చానావరకు తగ్గిపోతది, తగ్గిపోతే సంతోషమే అంది. తన పొట్ట మీద కొట్టే సంగతి గురించి అట్టా సంతోషంగా మాట్లాడే మనిషిని నేను వ్యాపారంలో చూళ్ళేదు.

ఇంక నాకు బాధ కలిగించిన విషయం, దీంట్లో అక్క తప్పేమీ లేదు. సౌదీలో డిప్లొమా వాళ్ళని టెక్నీషియన్ అని, బీఎస్సీ వాళ్ళని స్పెషలిస్ట్ అని వర్గీకరిస్తారు. నాది జీఎన్‌ఎం, కాబట్టి నేను టెక్నీషియన్. మా ఐసీయూలో రెండేళ్ళ క్రితం చేరిన బీఎస్సీ పాప స్పెషలిస్ట్. ఆ పాపకి వెంటిలేటర్ అలారం మోగితే ముందు పేషెంట్‌ని చూడాలి, తర్వాత మెషిన్‌ని చూడాలి అని నేర్పింది నేను. ఆ పిల్ల మంచి పిల్ల, బాగా చదువుకుంది, ఆమెకి రావద్దని నేను అనను. డిగ్రీకి విలువ ఉండాలి. కానీ ఐసీయూలో అన్నేళ్ళ పని ఆ వర్గీకరణలో ఎక్కడా ఒక్క అంగుళం కూడా నన్ను పైకి లేపదా? 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) దేశాలన్నీ కలిసి వైద్య సిబ్బంది వలసల మీద ఒక నియమావళి ఒప్పుకున్నాయి, దాంట్లో వలసొచ్చిన సిబ్బందిని ఉద్యోగంలో పెట్టుకునేటప్పుడు, జీతం ఇచ్చేటప్పుడు చదువు, అనుభవం ఎన్నేళ్ళు, ఎంత బాధ్యత మోస్తున్నారు ఇట్టాంటివి చూసి చెయ్యాలని, స్థానికులతో సమానంగా చూడాలని రాసుంది. అది తప్పనిసరి కాదు, ఇష్టపూర్వకంగా పాటించాల్సింది. చదువు ఒక్కటే కొలిచి అనుభవం వదిలేస్తే ఆ మాటలో సగమే పాటించినట్టు. అక్క నాకు రెండు దారులూ చెప్పింది, ఇప్పుడే టెక్నీషియన్‌గా పోవడం, లేదా డిప్లొమా వాళ్ళు తర్వాత చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్ళు చేసి అప్పుడు పోవడం. రెండో దారి చెప్తే ఆమెకి నా ఫైలు డబ్బులు రెండేళ్ళు రావు, అయినా అదే ముందు చెప్పింది. మా ఇంటి అప్పు రెండేళ్ళు ఆగదు కాబట్టి నేను మొదటిదే ఎంచుకున్నా.

పరీక్ష చెన్నైలో రాశా, కంప్యూటరు మీద పరీక్షలు పెట్టే ప్రోమెట్రిక్ వాళ్ళ సెంటర్. మన జిల్లాలో లేదు, నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో మూడు గంటలు కాబట్టి మనం కొంచెం అదృష్టవంతులం, మార్కాపురం వైపు నుంచి వచ్చే పిల్లలకి ముందు రోజే బయల్దేరాలి, తోడు ఒకరు, రూము ఒకటి, అది కూడా లైసెన్సు ఖర్చే గానీ ఏ సైట్లోనూ రాసుండదు. లోపల బ్యాగు లాకర్లో పెట్టించారు, జేబులు బయటికి తియ్యమన్నారు, కళ్ళజోడు తీయించి చూశారు. తర్వాత కంప్యూటరు ముందు కూర్చున్నా. ఒక పక్క తమిళ అమ్మాయి, ఇంకో పక్క మలయాళీ అబ్బాయి. ఎవరి నాన్న ఏం చేస్తాడో, ఎవరు ఎంత ప్యాకేజీ కట్టారో ఆ కంప్యూటరుకి తెలియదు. ఛాతీ నొప్పితో వచ్చిన పేషెంట్‌కి ముందు ఏం చేస్తావు అని అడిగింది, నేను రోజూ చేసేదే. మొత్తం ఈ రెండేళ్ళలో నన్ను న్యాయంగా చూసిన చోటు ఏదంటే ఆ కుర్చీ అని చెప్తా. పాసయ్యా. పరీక్ష తేలిగ్గా ఉండాలని నేను ఏ రోజూ అడగలా, ఆ కుర్చీ దాకా వచ్చే దారి అందరికీ ఒకటే ఉండాలని అడుగుతున్నా.

ఒక ముఖ్యమైన సంగతి, ఈ అక్క ఉద్యోగం ఇప్పించదు. అడిగితే కోప్పడతది. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపించాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి, ఆమెకి లేదు, లేని పని చెయ్యనంటది. రిజిస్టర్డ్ ఏజెంటు అయినా తీసుకోగలిగింది 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంటే 35,400. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. నర్సులకైతే 2015లో కేంద్రం ఇంకో నియమం పెట్టింది, గల్ఫ్ లాంటి ఈసీఆర్ దేశాలకి, అంటే పోయేముందు ఎమిగ్రేషన్ అనుమతి కావాల్సిన దేశాలకి, ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పోవాలని. ఎందుకు పెట్టారో కేరళ పిల్లల్ని అడిగితే చెప్తారు, ఆ సంవత్సరమే కొచ్చిలో కువైట్ నర్సింగ్ ఉద్యోగాలకి 19,500 తీసుకోవాల్సిన చోట 19.5 లక్షలు వసూలు చేసిన కేసు బయటపడింది. లైసెన్సు పరీక్ష ఎంత నిజాయితీగా పెట్టినా దాని చివర్లో ఇట్టాంటోడు నిలబడి ఉంటే పేదింటి పిల్ల పాసయినా ఆగిపోతది.

ఇప్పుడు ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో. కూర్చోడానికి చోటు లేదు, మెట్ల మీదే, కడుపుతో ఉన్న పిల్ల ఒకామె గంటసేపు గోడకానుకుని నిలబడింది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కింద జిరాక్స్ షాపు ముందు వేయించొచ్చు. ఫోన్ ఎత్తదు, వాట్సాప్ చూసి రాత్రి పదింటికి జవాబిస్తది. నా జీఎన్‌ఎం మార్కుల లిస్టు స్కాన్ మసగ్గా పెట్టింది, దానివల్ల ఫైలు వెనక్కొచ్చి పది రోజులు పోయాయి. తప్పు నాదే అని ఒప్పుకుని, నేను అడక్కుండానే 300 వెనక్కిచ్చి మళ్ళీ చేసింది, కానీ సెలవు పెట్టి వచ్చినోళ్ళకి పది రోజులంటే పది రోజులే. ఇంకోటి, మాట కరుకు. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో వచ్చిన పిల్లని అందరి ముందూ అరిచింది. ఆ లెటర్ తీసుకోకపోవడం కరెక్టే, కానీ ఆ పిల్లకి అది అమ్మినోడు వేరే చోట కూర్చుని ఉన్నాడు, పిల్ల తలొంచుకుని మెట్లు దిగిపోయింది. పక్కకి పిలిచి చెప్పుండొచ్చు. యూకే, అమెరికా ఫైళ్ళు ఆమె చెయ్యదు, అమెరికా నర్సింగ్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసేవాళ్ళు వేరే చోటు చూసుకోండి.

పోయేవాళ్ళు ఏం తీసుకుపోవాలంటే టెన్త్ మెమో, ఇంటర్, జీఎన్‌ఎం లేదా బీఎస్సీ సర్టిఫికెట్లు, అన్ని సంవత్సరాల మార్కుల లిస్టులు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు, ఆధార్, పెళ్ళయినవాళ్ళు మ్యారేజ్ సర్టిఫికెట్, చేసిన ప్రతి హాస్పిటల్ నుంచి తేదీలున్న లెటరు. ఏ హాస్పిటలైనా ఒరిజినల్స్ పట్టుకుని ఉంటే ముందు అవి తెచ్చుకోండి, బాండ్ అని భయపెడతారు, రాతపూర్వకంగా అడగండి, అడిగిన కాగితం కాపీ దగ్గర పెట్టుకోండి. జీతం బ్యాంకులో పడుంటే స్టేట్‌మెంట్, పీఎఫ్ ఉంటే పాస్‌బుక్ కూడా. ఉదయం పదికి తెరుస్తది, మధ్యాహ్నం ఒంటిగంటకి మూసి మళ్ళీ నాలుగింటికి, ఆదివారం లేదు. మంగళవారం జనం తక్కువ. క్యాష్ గానీ ఫోన్‌పే గానీ.

ఆ పీఎఫ్ పాస్‌బుక్ మాట ఎందుకు రాశానంటే, నేను పోయిన వారం అపోస్టిల్ కాగితాలు తీసుకోడానికి పోతే ఉదయగిరి నుంచి ఒక పాప వచ్చి ఉంది. ఆ పిల్ల మూడేళ్ళు చేసిన హాస్పిటల్ మూతపడింది, ఓనర్ ఊర్లో లేడు, ఫోన్ పని చెయ్యదు, అన్‌ఏబుల్ టు వెరిఫై పడేటట్టుంది. కోవిడ్ వార్డులో చేసిన మూడేళ్ళు అవి. అక్క ఆ పిల్ల ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించి నెల నెలా హాస్పిటల్ పేరుతో పడిన డబ్బు మీద స్కేలు పెట్టి ముప్పై ఆరు నెలలు లెక్కపెట్టింది, ఎక్కడా ఖాళీ లేదు. ప్రింట్ తీయించి, అక్కడ చేసిన డాక్టరు ఒకాయన ఇప్పుడు ఒంగోల్లో ఉన్నాడంట, ఆయన దగ్గర నుంచి ఒక లెటర్ తెమ్మని పంపించింది. ఒప్పుకుంటారో లేదో ఆమె కూడా మాట ఇవ్వలా. ఆ పిల్ల సాయంత్రం బస్సుకే ఒంగోలు పోయింది, నా నంబరు తీసుకుంది, ఏ సంగతైనా తెలిస్తే ఇక్కడే కింద రాస్తా.